విరిగిన మామిడికి టీకా తాత్పర్యం

అవతారిక: మా ఊరు గరికపాడు పేరులోనే గరిక ఉంది. వేసవి గాలివానకు గరిక వంగి బతికింది. మా పెరటి ముసలి మామిడికి వంగడం చేతకాలేదు. పెద్దకొమ్మ సగం విరిగి, బెరడు పట్టుకుని వేలాడింది. ఒకరు మొదలంటా కొట్టించమన్నారు, ఒకరు బోడి చేయించమన్నారు. రంపం పట్టిన పెద్దాయన చెప్పిందాన్ని నేను ఆటవెలదిలో పెట్టాను.

మూలం:
కింద గాటు పెట్టి ముందుగా పైకోసి
మెడను దాటకుండ మిగులు నరికి
మందు మాట మాని మానును నమ్మరా
గాయ మదియె మాను కాపు వచ్చు

ప్రతిపదార్థం: ముందుగా = మొదట; కింద = కొమ్మ అడుగున, మానుకు మూరెడు దూరంలో; గాటు పెట్టి = మూడోవంతు లోతు కోసి; పైకోసి = దానికి బెత్తెడు అవతల పైనుంచి కోసి కొమ్మను దింపి; మెడను = కొమ్మ మానును కలిసేచోట ఉంగరంలా ఉబ్బిన భాగాన్ని; దాటకుండ = రంపం తాకకుండా; మిగులు = మిగిలిన మోడును; నరికి = కోసి (గొడ్డలి గణం కోసం వచ్చింది); నమ్మరా = నమ్ము ("రా" కూడా గణం కోసమే; పెద్దాయన నన్ను బాబూ అన్నాడు).

తాత్పర్యం: పైనుంచి ఒక్క కోతకే దిగితే కొమ్మ బరువుకు సగంలోనే ఒరిగి, మాను బెరడును నిలువునా చీల్చుకుపోతుంది. అడుగు గాటు ఉంటే చీలిక అక్కడే ఆగుతుంది. మెడ మిగిలితే అంచుల నుంచి కొత్త బెరడు పెరిగి గాయాన్ని కప్పుతుంది.

విశేషాలు: "మందు" అంటే బోర్డో పేస్టని కొందరు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో కలిపే ఆ పేస్టును కోతలకు పూయమనే శాస్త్రజ్ఞులు చెబుతారు. ఊళ్లో కృషి విజ్ఞాన కేంద్రం పెట్టుకుని కవి దాన్ని కాదనడు. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి సెలైన్ సీసాలతో ఎక్కించిన చెదలమందని మరికొందరు. మా చెట్టుకు చెదల్లేవు. కాబట్టి చెట్టెక్కేముందు మనిషి పుచ్చుకునే మందే ఇక్కడ గ్రాహ్యం.

ఆక్షేపణ: చెట్టుకు గాయం మానదు. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను కోసి చూపింది ఇదే: చెట్టు చెడిన కండను బాగుచేసుకోదు, చుట్టూ గోడ కట్టి అక్కడే బంధిస్తుంది. సమాధానం: మాను అంటే విడిచిపెట్టు అనీ అర్థం. చెడినదాన్ని మాను మానుకుంటుంది. కవికి దోషం లేదు.

"కాపు వచ్చు" ఎప్పుడని మూలంలో లేదు. అడిగితే పెద్దాయన రంపం తుడుచుకుంటూ, "కాస్తదిలే బాబూ. కాయని యేడు నీడ యాడికి పోద్ది?" అన్నాడు.