95 శాతం పోలిన మేనమామ

దేశంలో మిగతా సమస్యలన్నీ తీరిపోయినట్టు, మన కంప్యూటర్‌లో ఒకే ఫొటో రెండుసార్లు ఉండటం ఇప్పుడొక జాతీయ విపత్తు అయి కూర్చుంది. ఆ విపత్తు నుంచి మనల్ని గట్టెక్కించడానికి బోలెడన్ని సాఫ్ట్‌వేర్లు పుట్టుకొచ్చాయి. డౌన్‌లోడ్ ఉచితం. స్కాన్ ఉచితం. ఎర్ర అక్షరాలతో హడలగొట్టడం కూడా ఉచితమే. "మీ దగ్గర వేల కొద్దీ నకిలీ ఫొటోలున్నాయి, వెంటనే శుభ్రం చెయ్యండి" అని తెర మీద బోర్డు పడుతుంది. సరే, తీసెయ్ నాయనా అని బటన్ నొక్కామా, అక్కడ ఆగుతుంది బండి. పరీక్ష ధర్మాసుపత్రిలో, ఆపరేషన్ కార్పొరేట్ ఆసుపత్రిలో అన్నమాట. మచ్చుకు ఓ పది పదిహేను ఫొటోలు తీసి చూపించి, మిగతావి పోవాలంటే లైసెన్స్ కొనమంటుంది. ఆ లైసెన్స్ ఏడాదికే. పై ఏడాదికి మనం మరిచిపోయినా అది మరిచిపోదు, కార్డులోంచి దానంతటదే డబ్బు లాక్కుంటుంది. రెండోసారి పడిన బిల్లును డూప్లికేట్‌గా గుర్తుపట్టే శక్తి మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇంకా అబ్బలేదు.

ఇంతకీ అది చేసే పని ఎంత గొప్పదో చూద్దాం. అచ్చంగా ఒకే ఫైలు రెండు చోట్ల ఉంటే పట్టుకోవడం కంప్యూటర్‌కు చిటికెలో పని. ముందు సైజులు చూస్తుంది. సైజు సమానంగా ఉన్నవాటిని పక్కకు తీసి, లోపలి బైట్లన్నిటినీ ఒక లెక్కలోంచి నడిపి, ఫైలుకొక సంఖ్య రాబడుతుంది. దాన్ని హ్యాష్ అంటారు. రెండు ఫైళ్ళ హ్యాష్ ఒకటే అయితే ఆ రెండూ ఒకటే. రొనాల్డ్ రివెస్ట్ రూపొందించిన ఎండీ5 అనే పద్ధతి 1992 నుంచీ లోకం చేతిలో ఉంది. భద్రతా వ్యవహారాలకు అది ఎప్పుడో పనికిరాకుండా పోయింది గాని, మన తిరుపతి యాత్ర ఫొటోలు ఏరడానికి నిక్షేపంలా సరిపోతుంది. ఈ లెక్క కట్టే ఆదేశం విండోస్ పవర్‌షెల్‌లోనే ఉంది. ఆదేశాలు టైపు చెయ్యడం మన వల్ల కాదనుకుంటే డూప్‌గురు, చ్కావ్కా, డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పైసా అడగవు, ఎర్ర బోర్డులు పెట్టవు. ఆపిల్ వాళ్ళయితే 2022లో ఐఓఎస్ 16తోనూ మ్యాక్ వెంచురాతోనూ ఫొటోస్ యాప్‌లోనే డూప్లికేట్లకు ఒక ఆల్బమ్ కేటాయించేశారు. మూడు దశాబ్దాల నాటి ఈ లెక్కకే ఇప్పుడు "కృత్రిమ మేధతో" అని పేరు తగిలించి చందా వసూలు చేస్తున్నారు.

అయితే వ్యాపారులకు ఇందులో ఒక చిక్కు ఉంది. అచ్చమైన డూప్లికేట్లు ఒకసారి తీసేస్తే పని అయిపోతుంది, పై ఏడాది చందా ఎవడు కడతాడు? అందుకని 'పోలిన ఫొటోలు' అనే రెండో పద్దు తెరిచారు. దీనికి సాకు కూడా దొరికింది, వాట్సాప్ పుణ్యమా అని. డల్లాస్‌లో ఉన్న కొడుకు మనవడి ఫొటో తీసి తన కంప్యూటర్‌లో దాచుకుంటాడు. అదే ఫొటో వాట్సాప్‌లో తెనాలికి వస్తుంది. దారిలో వాట్సాప్ దాన్ని కుదించి, మళ్ళీ కొత్త ఫైలుగా చుట్టి, ఎప్పుడు ఎక్కడ తీశారో చెప్పే వివరాలు ఊడ్చేసి, సొంత పేరు పెట్టి అందిస్తుంది. మన కంటికి అదే మనవడు, హ్యాష్‌కు మాత్రం ఎవరో పరాయి పిల్లవాడు. ఒక్క బైటు మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది మరి. కాబట్టి పోలికలు చూసే పద్ధతి కావాలన్న మాట నిజమే. అబద్ధం ఆ తర్వాత మొదలవుతుంది.

పోలిక ఎలా చూస్తారంటే, బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతి ఇది. ఫొటోలో రంగులు పీకేసి నలుపు తెలుపు చేస్తారు. తర్వాత దాన్ని నొక్కి నొక్కి, అడ్డంగా 8, నిలువుగా 8 గళ్ళకు కుదిస్తారు. మొత్తం 64 గళ్ళు. సగటు కన్నా వెలుగున్న గడికి 1, చీకటి గడికి 0. రెండు ఫొటోల అంకెలు పక్కపక్కన పెట్టి ఎన్నిచోట్ల తేడా వచ్చిందో లెక్కపెడతారు. 64లో మూడు చోట్లే తేడా వస్తే 95 శాతం పోలిక ఉన్నట్టు. కొన్ని సాఫ్ట్‌వేర్లు గళ్ళు పెంచుతాయి, కొన్ని లెక్క మారుస్తాయి, చూపు మాత్రం ఇదే. అంటే మీ అమ్మాయి పెళ్ళి ఫొటోలో ఎవరున్నారో దానికి తెలియదు. ఎక్కడ వెలుగుంది, ఎక్కడ చీకటుంది, అంతే.

ఇప్పుడు ఈ చూపును మన రిసెప్షన్ వేదిక ఎక్కించండి. వెనక అదే పూల అలంకరణ, అవే లైట్లు. మధ్యలో అదే వధూవరులు, మొహాన అదే నవ్వు. ఆ నవ్వు సాయంత్రం ఏడింటికి అతికించింది, పదకొండుకు గాని ఊడదు. కెమెరా స్టాండు మీంచి కదలదు. మారేదల్లా రెండు పక్కలా నిలబడే బంధువులే. పెద్ద మేనమామ కుటుంబం కవరిచ్చి దిగుతుంది, చిన్న మేనమామ కుటుంబం ఎక్కుతుంది. ముఖాలన్నీ పోయి 64 గళ్ళే మిగిలాక పెద్ద మేనమామకూ చిన్న మేనమామకూ తేడా ఏముంది? 95 శాతం పోలిక! ఒకరు ఉంటే చాలదా అంటుంది సాఫ్ట్‌వేర్. ఇద్దరు మేనమామల మధ్య పొలం గట్టు తగాదా ఉందనీ, పెళ్ళి ఆల్బమ్‌లో ఒకరి ఫొటో ఉండి ఇంకొకరిది లేకపోతే ఆ గట్టు మీద గొడ్డళ్ళు లేస్తాయనీ ఏ గడిలోనూ రాసి ఉండదు.

పెళ్ళి ఫొటో పోతే తిట్లతో పోతుంది. కాగితాల సంగతి అలా కాదు. ఈ రోజుల్లో పట్టాదారు పాస్‌బుక్కు పేజీలు, మార్కుల మెమోలు, ఆస్పత్రి రిపోర్టులు, ఇంటి పన్ను రసీదులు అన్నిటినీ ఫోన్‌తో ఫొటో తీసి కంప్యూటర్‌లో పడేస్తున్నాం. అదే టేబుల్ మీద, అదే ట్యూబ్‌లైటు కింద, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. రెండో పేజీకీ మూడో పేజీకీ తేడా అంతా అక్షరాల్లోనే ఉంటుంది. 64 గళ్ళకు నొక్కగానే ముందు పోయేవి అవే. సర్వే నంబరున్న పేజీ డూప్లికేట్ కిందికి వెళ్ళి, ఖాళీ పేజీ అసలు కింద మిగిలినా ఆ లెక్క ప్రకారం తప్పేమీ జరగలేదు.

ఇంకా పెద్ద గొప్ప ఒకటి చెబుతారు: "మంచి ఫొటోను మేమే ఎంచి ఉంచుతాం, మీరు చూడక్కర్లేదు." మంచి అంటే వాళ్ళ లెక్కలో చాలాచోట్ల పెద్ద ఫైలు, ఎక్కువ పిక్సెళ్ళు. మీ తాతగారి పాత ఫొటో స్కాన్ చేయించి, స్టూడియో వాడి చేత బూజు మరకలు తీయించి, మొహం తేటపరిచి తెచ్చుకుంటారు. వాడిచ్చే ఫైలు తరచు చిన్నదే. సాఫ్ట్‌వేర్ చూస్తుంది, మరకలున్నది పెద్ద ఫైలు, కాబట్టి అదే ఉత్తమం! తాతగారు మళ్ళీ బూజులోకి. పోనీ 'పాతది ఉంచు' అని చెబుదామంటే, విండోస్‌లో కాపీ చేసిన ఫైలుకు పుట్టిన తేదీ కాపీ చేసిన రోజే అవుతుంది. వాట్సాప్‌లో వచ్చినదానికి తీసిన తేదీయే ఉండదు. ఈ తేదీలు పట్టుకుని ఏది అసలో తేల్చే తీర్పు ఏ గ్రామ పెద్దా చెప్పడు. వరసగా తీసిన ఆరు ఫొటోల్లో కళ్ళు మూసుకున్నది మిగిలిందా, తెరిచింది మిగిలిందా అన్నది ఇక మన జాతకం.

ఇంత చేసి మిగిలేదెంత? ఫోన్ ఫొటో ఒక్కోటి 4 ఎంబీ అనుకుందాం. 2,500 ఫొటోలు తీసేస్తే 10 జీబీ. అదే ఐఫోన్‌లో 4కే వీడియో నిమిషానికి దాదాపు 170 ఎంబీ తింటుందని దాని సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది. గంట వీడియో అంటే అదే 10 జీబీ. సంగీత్‌లో బాబాయిలు కాళ్ళూ చేతులూ ఆడించిన ఒక గంట వీడియో, ఎవరూ రెండోసారి చూడనిది, ఒక్కటి తీస్తే 2,500 ఫొటోలు తీసినంత లెక్క. దానికి లైసెన్స్ అక్కర్లేదు. కొంచెం గుండె నిబ్బరం కావాలి, బాబాయి అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం కావాలి.

భయపెట్టి కంప్యూటర్ శుభ్రం చేసే ఈ విద్యకు వంశవృక్షం ఉంది. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాల్లో కంప్యూటర్‌కు ఉచిత పరీక్ష చేసేవారు. పరీక్షకు ముందు నాలుగు ప్రశ్నలు: స్లోగా ఉందా, పాపప్‌లు వస్తున్నాయా వగైరా. వాటిలో ఒక్కదానికి టిక్ పెట్టినా చాలు, స్కాన్‌తో నిమిత్తం లేకుండా మాల్‌వేర్ లక్షణాలున్నాయని ఫలితం చూపేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2019 మార్చిలో ఆ కంపెనీ, దానికి సాఫ్ట్‌వేర్ సమకూర్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాయి. 2024 మార్చిలో ఇదే కోవలో రెస్టోరో, రీఇమేజ్ అనే సైప్రస్ కంపెనీలు 2.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చి 13 రకాల మాయలను నిషేధించింది. లేని తొందర పుట్టించడం, పదేపదే సతాయించడం, దిగడానికి మెట్లుండి ఎక్కడానికి లేని చందా నుయ్యి, లేని వైరస్ చూపించి డబ్బు గుంజడం, అన్నీ అందులో ఉన్నాయి. జాబితా చదువుతుంటే ఈ సాఫ్ట్‌వేర్లలో కొన్ని దాన్ని చేతిపుస్తకంగా వాడుకుంటున్నాయేమో అనిపిస్తుంది.

తప్పంతా అమ్మేవాడిదే అంటే మనకు మనం పూలదండ వేసుకున్నట్టే. పెళ్ళి ఫొటోగ్రాఫర్ హార్డ్ డిస్క్ నిండా ఫొటోలు పోసిచ్చి, ఆల్బమ్‌కు రెండు వందలు ఏరి ఇవ్వండి సార్ అంటాడు. ఏరరు. పిల్లల అన్నప్రాశనలు అయిపోతాయి, అక్షరాభ్యాసాలు అయిపోతాయి, ఆల్బమ్ సెలెక్షన్ మాత్రం అవదు. ఆ హార్డ్ డిస్క్‌ను భయంకొద్దీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తారు. ల్యాప్‌టాప్‌ను ఇంకో డిస్క్‌లోకి. 'పెళ్ళి', 'పెళ్ళి కాపీ', 'పెళ్ళి ఫైనల్', 'పెళ్ళి ఫైనల్ కొత్తది' అని ఫోల్డర్లు పిల్లలు పెడతాయి. తమ పెళ్ళిలో తాము రెండు వందల ఫొటోలు ఏరుకోలేనివాళ్ళే, ఆ పని పెళ్ళికి రాని సాఫ్ట్‌వేర్ చేస్తుందని నమ్ముతారు. నమ్మకానికే ఆ చందా.

ఫొటోలతో బతికేవాళ్ళ పద్ధతి వేరు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రకారం ప్రతి ఫొటోకూ మూడు కాపీలుండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. అంటే వాళ్ళు డబ్బు ఖర్చు పెట్టి డూప్లికేట్లు తయారుచేస్తారు! బ్యాకప్ డిస్క్ తగిలించి ఉన్నప్పుడు గనక దాన్ని కూడా కలిపి స్కాన్ కొడితే, మీ రక్షణ కోసం దాచుకున్న కాపీలన్నీ అక్షరాలా నకిలీలే. రక్షణ మొత్తాన్ని వృథా కింద లెక్కగట్టి, ఎన్ని జీబీలు ఆదా చేశానో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటుంది.

కాబట్టి, చెయ్యదలిస్తే ఇలా చెయ్యండి. బ్యాకప్ తీసి, ఆ డిస్క్ పీకి బీరువాలో పెట్టండి. ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చుకుని, పోలిక సంగతి వదిలి హ్యాష్ పద్ధతి మీదే నడపండి. తీసినవి నేరుగా చెరిపెయ్యకుండా వేరే ఫోల్డర్‌లోకి జరపండి. గూగుల్ ఫొటోస్, ఐక్లౌడ్ కలిపి ఉన్నాయేమో చూసుకోండి, అక్కడ ఒకచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది. గూగుల్ చెత్తబుట్టలో బ్యాకప్ అయిన ఫొటోకు 60 రోజులు, ఆపిల్‌లో 30 రోజులు గడువుంటుంది. పోలిన ఫొటోలను మాత్రం ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూర్చుని మీరే ఏరుకోండి. ఈ లోపు ఎవరికైనా చందా కట్టి ఉంటే, యూపీఐ ఆటోపేను మీ యూపీఐ యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. అయినా కోత పడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.