పొన్నగంటి కూర భూకబ్జా కేసు

ఎట్టకేలకు కబ్జాకోరులు దొరికారు. ఇన్నాళ్లూ చెరువుల్ని మింగినవాళ్ల కోసం ఎక్కడెక్కడో వెతికాం. 2024 జులైలో హైదరాబాద్‌లో చెరువుల కబ్జాలు తొలగించడానికి హైడ్రా పుట్టింది, జేసీబీలు కదిలాయి, టీవీల్లో గోడలు కూలాయి. అయినా అసలు దొంగలు చిక్కలేదు. ఆ పని నగరానికి పడమటి దిక్కున ఉన్న ఒక విల్లాల సంఘం చేసి చూపించింది. వాళ్ల సర్క్యులర్ ఈ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది కాబట్టి మీరు చదివే ఉంటారు. ఉమ్మడి స్థలంలోనైనా, సొంత పెరట్లోనైనా అనుమతి లేకుండా నేలమీద పాకుతున్న లోకల్ కలుపు మొత్తం ఆదివారంలోగా పీకేయాలి. ఆ జాగాలో సంఘం ఆమోదించిన లాన్ గానీ, ప్లాస్టిక్ గడ్డి గానీ, పసుపు పూల వెడీలియా గానీ పరచాలి. లేదంటే జరిమానా.

నిజమే, నేలమీద పాకుతూ పోవడం ఆక్రమణే. ఆ లెక్కన నేలను కప్పే ప్రతి మొక్కా పుట్టుకతోనే కబ్జాదారు. కానీ మనది చట్టాల దేశం. నోటీసివ్వాలి, వాదన వినాలి, ఆ తర్వాతే పీకాలి. సంఘం పెద్దలకు అంత తీరిక లేదు కాబట్టి ఆ విచారణ నేనే జరిపించాను.

ఏ1 ముద్దాయి పొన్నగంటి కూర. ఎర్రటి కాడ, కణుపు కణుపునా తెల్లటి చిట్టి పూల బొడిపె. కాడ నేలకు ఆనితే చాలు, ఆ కణుపు దగ్గర వేరు దింపేస్తుంది. అంటే అడుగడుక్కీ హద్దురాయి పాతుకుంటూ పోతోందన్నమాట. ‘పాస్‌బుక్కుందా?’ అని అడిగాం. లేదంది. పోనీ సాదా బైనామా? అదీ లేదు. ధరణిలో పేరు లేదు, భూభారతిలోనూ లేదు. ‘ఎప్పట్నుంచి ఉంటున్నావిక్కడ?’ అంటే ‘చెరువున్నప్పట్నుంచీ’ అంది. చెరువన్న మాటను రికార్డులోంచి కొట్టేయించాం. అడ్డూ ఆపూ లేకుండా 12 ఏళ్లు స్వాధీనంలో ఉంటే హక్కొస్తుంది కదా అని ఆమె వకీలు నసిగాడు. ప్రభుత్వ భూమికి ఆ లెక్క చెల్లదు, 30 ఏళ్లుండాలి అన్నాం గట్టిగా. ‘అయితే ఇది ప్రభుత్వ భూమేనని ఒప్పుకుంటున్నారా?’ అన్నాడు వకీలు. విచారణ టీ కోసం వాయిదా పడింది.

టీ తర్వాత సాక్షులొచ్చారు. పెసరపప్పు నానబెట్టి, వెల్లుల్లి చితక్కొట్టి తాలింపేసి, ఈ ముద్దాయిని అందులో మగ్గిస్తే రెండు ముద్దలెక్కువ తింటామన్నారు. కంటికి మంచిదని అమ్మమ్మ చెప్పేదన్నారు. అమ్మమ్మ చెప్పింది చెవిన పడ్డ మాటే తప్ప సాక్ష్యం కాదు, కొట్టేశాం. అయితే ఒకామె చెప్పింది మాత్రం తీవ్రమైన నేరారోపణే. ఈ మొక్క కోసం కడియం నర్సరీల దాకా పోనక్కర్లేదట. రైతుబజారులో కట్ట కొని, ఆకు కూరకు దూసుకుని, మిగిలిన ముదురు కాడల్ని తడి మట్టిలో గుచ్చితే చాలట. తర్వాత కోసిన కొద్దీ గుబురుగా వస్తూనే ఉంటుందట. ఈ రహస్యం బయటికి పొక్కితే చదరపు అడుగు లెక్కన లాన్ పరిచే కాంట్రాక్టరు ఏమైపోవాలి?

ఏ2 సరస్వతి ఆకు. ఈమెది సంఘటిత నేరం. సన్నటి తీగను పక్కకు పంపి, జానెడు దూరంలో పిల్లమొక్కను నిలబెట్టి, ఆ పిల్ల చేత ఇంకో తీగ పంపిస్తుంది. బంధువుల పేర్లమీద ప్లాట్లు కొనడం మనకు తెలియని విద్యేం కాదు గానీ, ఒక మొక్క చేస్తే ఊరుకుంటామా? పైగా ఈమె కబ్జా చేసింది కుళాయి కింద, గోడనీడ పడే తడి జాగా. ఎండ చాలక లాన్ పసుపుపడి చచ్చేది సరిగ్గా అక్కడే. ‘లాన్ బతకని చోట నువ్వెలా బతుకుతావు?’ అని నిలదీస్తే జవాబు లేదు.

ఏ3 గలిజేరు పరారీలో ఉంది. పైన పాకిన కాడలన్నీ కోసి చూపించి కేసు ముగిసిందనుకున్నాం. అడుగున లావాటి వేరు అలాగే ఉందని, ఒక్క వాన పడితే స్టే ఆర్డరుతో సహా పైకి లేస్తుందని తర్వాత తెలిసింది. ఏ4 వాము ఆకు కుండీలో ఉంటోంది కనుక కౌలుదారు. కొమ్మ తుంచి గుచ్చితే నాటుకోవడం, నీళ్లెక్కువైతే అలిగి కుళ్లిపోవడం దీని నడవడిక. విచారణ నడుస్తుండగానే దీని ఆకులతో ఎవరో బజ్జీలు వేశారు, కమిటీ వాళ్లంతా తిన్నారు. కేసు రాజీ అయింది.

చిక్కంతా గరికతో వచ్చింది. సర్క్యులర్‌కు జతచేసిన కలుపు జాబితాలో మొదటి పేరు దానిదే. ఆమోదించిన లాన్‌ల జాబితాలో మొదటి పేరు బెర్ముడా గ్రాస్. వృక్షశాస్త్రం తెలిసినవాణ్ని పిలిపిస్తే రెండూ ఒకే మొక్క అన్నాడు. ఒకే వ్యక్తి ఒక కాగితంలో కబ్జాదారు, ఇంకో కాగితంలో పట్టాదారు. మన రెవెన్యూ చరిత్రలో ఇలాంటి బినామీలు బోలెడు కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు. కలుపని పీకిన గరికనే వినాయక చవితికి పత్రిలో కట్టగా కొనుక్కోవచ్చని తీర్మానించాం.

ఇక వెడీలియా. అమెరికా ఖండం ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది. లోకంలోకెల్లా చెడ్డ దురాక్రమణ జాతులంటూ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తరఫున వేసిన 100 పేర్ల జాబితాలో దీని పేరుంది. ఒకచోట దిగిందంటే పక్కదానికి ఊపిరాడనివ్వదు. కానీ ఇది కబ్జాదారు కాదు, డెవలపర్. ప్లాస్టిక్ గడ్డి సంగతైతే చెప్పనక్కర్లేదు. నీళ్లడగదు, ఎరువడగదు. ఏప్రిల్ మధ్యాహ్నం దానిమీద చెప్పుల్లేకుండా కాలు పెట్టే ధైర్యం ఒక్కటి మనకుంటే చాలు. దానికి అన్ని ఎన్‌ఓసీలూ ఉన్నాయి.

ఇంతకీ వకీలు అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది. పొన్నగంటి తడినేల మొక్క. మడి అంచున, కాలవ గట్టున, చెరువు నీళ్లు వెనక్కి తగ్గిన బురదలో పెరుగుతుంది. సంఘం పెద్దలారా, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా మీ విల్లాల మధ్య ఏడాది పొడుగునా అది పచ్చగా ఉంటోందంటే కింద ఏముందో మీకు తెలియదా? వానాకాలం మీ సెల్లార్లలో రాత్రంతా మోటార్లు ఆడేది దేనికి? చెరువు శిఖం మట్టిమీద ఇళ్లు లేపి, ఆ మట్టిలోనే పుట్టిన ఆకును ఆక్రమణ అనడానికి నోరెలా వచ్చింది? వేసవిలో మీ లాన్‌కు రోజూ పోసే ట్యాంకరు నీళ్లు ఏ ఊరి బోరువి?

ఉమ్మడి స్థలంలో ఆదివారం దాకా కూడా ఆగలేదు మీరు. తోటమాలి వీపుకు డబ్బా తగిలించి గ్లైఫోసేట్ కలుపు మందు కొట్టించారు. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ ఆ మందు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ తోటమాలికి లైసెన్సు సంగతి సరే, చేతికి తొడుగు కూడా ఇవ్వలేదు. మూతికి కట్టుకున్న తువ్వాలు కూడా ఆయనదే. పొద్దున పనిలోకొస్తూ ఆ బాట పక్కనే ఒడినిండా ఆకు కోసుకుని, సాయంత్రం ఇంట్లో పిల్లలకు వండిపెట్టే ఆడవాళ్లు మీ ఇళ్లలోనే అంట్లు తోముతున్నారు. మందు కొట్టాం, కోయకండి అని వాళ్లకు ఒక్కరు చెప్పలేదు. సర్క్యులరేమో ఇంగ్లీషులో ఉంది.

జరిమానాల లెక్క తర్వాత చూసుకుందురు గాని. ముందు గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టండి. ఆ తోటమాలిని డాక్టరుకు చూపించండి, ఖర్చు సంఘం నిధిలోంచే పెట్టండి. ఆ తర్వాత పాత విలేజ్ మ్యాపు తెచ్చి, చెరువు ఎంతవరకుందో, మీ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో అందరి ముందూ టేపు పెట్టి కొలవండి.