ఆడలేక పిస్తోలు ఓడు

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు పోటీలో రజతం గెలిచింది. జట్టు పోటీలో స్వర్ణమూ తెచ్చింది. ఆ అమ్మాయికి పతకాలొచ్చాయి, మా మిత్రుడికి పూనకమొచ్చింది.

పొద్దున్నే ఫోను. "గురూ, పాయింట్ టూ టూ పిస్తోలు కొంటున్నా. అన్నిట్లోకీ మంచిదేదో చెప్పు." అప్పటికి యాభయ్యేళ్ల జీవితంలో ఆయన గురిచూసింది పెళ్లిభోజనాల్లో జిలేబీ బేసిన్ని మాత్రమే.

ఏది మంచిదని అడిగాడంటే ఏది ఖరీదని అర్థం. మనవాళ్లు సంబంధం చూసినట్టే చూశాడు. ఏ ఊరు? ఇటలీ పార్దీనీ, జర్మనీ వాల్తర్, స్విట్జర్లాండ్ మోరినీ. ప్యాకేజీ ఎంత? లక్షల్లో. రంగు? నలుపైతే వద్దు, నీలమైతే ఫొటోలో బాగుంటుంది. ముందు లైసెన్సు, ఆ తర్వాతే పిస్తోలు అని 1959 నాటి ఆయుధాల చట్టం అంటుంది. ఈయన ముందు రంగు తేల్చుకుని, తర్వాత లైసెన్సు మాట ఎత్తాడు. ఈడూజోడూ కుదిరిందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఈడూజోడంటే చెయ్యీ, గ్రిప్పూ. రేంజిలో దానికో పరీక్ష ఉంది. పిస్తోలు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, కళ్లు మూసుకుని, లక్ష్యం వైపు చెయ్యెత్తాలి. కళ్లు తెరిచేసరికి ముందు సైటు వెనక సైటు గాడి మధ్యలో నిలబడి ఉండాలి. పక్కకి పోయిందా, ఆ గ్రిప్పు మీది కాదు. చెక్క అరగదీయించుకోవాలి, లేదా మార్చుకోవాలి. మావాడిది చిన్న చెయ్యి, కొన్నది పెద్ద సైజు గ్రిప్పు. "అదే డబ్బుకి ఎక్కువ చెక్క వస్తుంటే వదులుకుంటామా?" అన్నాడు.

తర్వాత ట్రిగ్గర్. 25 మీటర్ల పిస్తోలు పోటీల్లో అది కనీసం 1000 గ్రాములు మొయ్యాలి. తనిఖీలో తూకంరాయి తగిలించి మరీ చూస్తారు. బెండకాయల బండి దగ్గర పది గ్రాములు తగ్గితే కాటా మళ్లీ పెట్టించే మనిషి, ఇక్కడ మాత్రం "ఇంకా తేలిక చేయించు, వెన్నలా ఉండాలి" అన్నాడు. వెన్నలా ఉంటే తనిఖీ బల్ల దాటదు. నొక్కిన ప్రతిసారీ ఒకేచోట, ఒకే బరువుకి విడవడమే ట్రిగ్గర్ గొప్ప.

ఇక తూటాలు. పాయింట్ టూ టూ అంటే రిమ్‌ఫైర్ పిస్తోలు, కొత్తల్లుడి లాంటిది. ఒక రకం తూటాలు కమ్మగా తింటుంది, ఇంకో రకం పెడితే అలుగుతుంది. ఏది పడుతుందో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. లక్షలు పోసిన మావాడు తూటాల దగ్గరికొచ్చేసరికి చవక పెట్టె తెచ్చాడు. ర్యాపిడ్ ఫైర్‌లో ఐదు లక్ష్యాల మీద ఐదు తూటాలు 8 సెకన్లలో, తర్వాత 6, చివరికి 4 సెకన్లలో పేల్చాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ రజతం గెలిచింది ఆ ఆటలోనే. మావాడి 4 సెకన్లలో మొదటి తూటా పేలింది, రెండోది ఇరుక్కుంది, మిగతా సమయం సంజాయిషీకి సరిపోయింది.

రిమ్‌ఫైర్ తూటాకి నిప్పంటుకునే మందు అడుగు అంచులో ఉంటుంది. ఫైరింగ్ పిన్ కొట్టేది అక్కడే. తగిన ఏర్పాటు లేని పిస్తోలుని ఖాళీగా నొక్కితే ఆ దెబ్బ ఛాంబర్ అంచుకి తగలొచ్చు. మావాడి హాల్లో కాఫీకొచ్చిన బావమరుదులందరూ వరసగా టీవీ వైపు గురిపెట్టి 'టిక్' మనిపించారు. రేంజిలో లక్ష్యం వైపు తప్ప గొట్టం ఎటూ తిప్పకూడదన్నది మొదటి పాఠం. అది పెట్టెలో రాలేదేమో!

25 మీటర్ల దూరంలో నిదానంగా కాల్చే లక్ష్యం మీద పది పాయింట్ల వలయం 5 సెంటీమీటర్లు, చిన్న గారె అంత. మావాడి తూటాలు గారెనే కాదు, విస్తరినీ వదిలేసి పంక్తి దాటిపోయాయి. "సైట్లు తేడా, వేరే కంపెనీది చూడాలి" అంటున్నాడు. ఓడు మద్దెల సామెతకి లక్షల ఖరీదు చేసే కొత్త మద్దెల దొరికింది.

కొనాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ముందు ఏడాదిపాటు ఎయిర్ పిస్తోలుతో నిలబడటం నేర్చుకోండి. క్లబ్బులో ఉన్న పాయింట్ టూ టూలు, కోచ్‌ని పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే పట్టి చూడండి. చేతికి కుదిరిందే కొనండి. మిగిలిన డబ్బు తూటాలకీ, కోచ్ ఫీజుకీ ఉంచండి.