తిప్పతీగకు హెచ్ఆర్ ఆమోదం

సైబరాబాద్‌కు మళ్లీ డిస్టింక్షన్ వచ్చింది. వందకు 84. ఎంసెట్ ర్యాంకుల్లో పుట్టి, క్యాంపస్ సెలెక్షన్లలో పెరిగి, అప్రైజల్ రేటింగుల్లో జుట్టు నెరుస్తున్న జనానికి మార్కులు కొత్తేమీ కాదు గానీ, ఈసారి పేపరు దిద్దింది కాలేయానికి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు కలిసి ఇక్కడి ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నూటికి 84 మందికి లివర్‌లో కొవ్వు, 71 మందికి ఊబకాయం. ఆ అంకె పార్లమెంటు దాకా వెళ్లి కేంద్ర ఆరోగ్య మంత్రి నోట పలికింది. అంతకు రెండేళ్ల ముందే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన ఐటీ ఉద్యోగులనే చూసి, ఇంచుమించు ఇద్దరిలో ఒకరికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉందని చెప్పింది. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 46 శాతం అంటే బొటాబొటి పాసు. అదీ ఒక మార్కేనా, పదిమందిలో చెప్పుకోవడానికి?

కారణాలూ వాళ్లే చెప్పారు. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, అమెరికా గడియారానికి తగ్గ నిద్ర, ఒత్తిడి, చక్కెర, నూనె. విరుగుడు కూడా అందులోనే ఉంది: లేచి నడవడం, వేళకు పడుకోవడం, తీపి తగ్గించడం. ఇందులో ఒక్కటీ యాప్‌లో దొరకదు. అందుకని మనవాళ్లు తమకు చేతనైన పని చేశారు, లివర్ డీటాక్స్ ఆర్డర్ పెట్టారు. పది నిమిషాల్లో వచ్చింది. తెచ్చిన కుర్రాడు, ఆ వేళ సర్వీస్ లిఫ్ట్ పనిచేయక, పధ్నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చాడు. డాక్టరు మనకు రాసిచ్చిన వ్యాయామం అతను చేసిపెట్టాడన్నమాట. మనం ఇరవై రూపాయల టిప్పు ఇచ్చి లెక్క సరిచేశాం.

ఆ సీసా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ముందువైపు పచ్చని ఆకు, దాని మీద మంచుబొట్టు, పక్కన ఆరోగ్యంగా నవ్వుతున్న కాలేయం బొమ్మ. ‘శతాబ్దాల విజ్ఞానం’ అని బంగారు అక్షరాలు. వెనక్కి తిప్పండి. బార్‌కోడ్ కింద, చీమ కూడా కళ్లద్దాలు పెట్టుకుని చదవాల్సిన సైజులో ఒక వాక్యం ఉంటుంది: ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’. ఔషధంగా వాడరాదని అర్థం. న్యూట్రాస్యూటికల్ అని అమ్మే సరుకు మీద ఆ మాట ఉండాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. బొమ్మ చూసి కొనేవాడు ఒకడు, నిబంధన చదివేవాడు ఒకడు. ఆ ఇద్దరూ ఒకే మనిషిలో ఉండటం నేనింతవరకూ చూడలేదు.

మాదాపూర్‌లో ఒక కంపెనీ. ఏ కంపెనీ అని అడక్కండి, అన్నింట్లోనూ ఇదే తంతు. ‘వెల్‌నెస్ వీక్’ పేరుతో హెచ్ఆర్ వాళ్లు కెఫెటేరియా పక్కనే స్టాల్ వేయించారు. ఎడమవైపు సమోసాలు, కుడివైపు ఆరోగ్యం. కోచ్ గారు మైకు పట్టుకున్నారు. మొన్నమొన్నటి దాకా శాప్ కన్సల్టెంటు.

“ఇందులో కెమికల్స్ ఏమీ లేవండి. ప్యూర్ నేచురల్. సైడ్ ఎఫెక్ట్స్ జీరో!”

వెనక వరుసలో టెస్టింగ్ టీమ్ అమ్మాయి చెయ్యెత్తింది. “డోసెంత సార్? ఎంతమంది మీద చూశారు? షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు తాగొచ్చా?”

“ఐదు వేల ఏళ్లుగా వాడుతున్నామమ్మా.”

“మరి ఐదు వేల ఏళ్ల బగ్ రిపోర్టులు ఎక్కడున్నాయి సార్?”

హెచ్ఆర్ మేడమ్ చల్లగా నవ్వి, “లెట్స్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్” అన్నారు. ఆఫ్‌లైన్‌లో ఆ అమ్మాయికి దక్కింది ఒక ఫ్రీ శాంపిల్. లాగిన్ బటన్ రంగు మార్చాలంటే మూడు అప్రూవల్స్, రెండు రౌండ్ల టెస్టింగ్, శనివారం రాత్రి డిప్లాయ్‌మెంట్ కావాలనే భవనంలోనే, పొట్టలోకి వెళ్లే సరుకు మాత్రం నేరుగా ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోతుంది.

ఆ శాంపిల్‌లో ప్రధాన ద్రవ్యం తిప్పతీగ. దాని బగ్ రిపోర్టు ఉంది. పైగా ఎక్కడో లేదు, ఆ కెఫెటేరియా నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలోనే ఉంది. కరోనా కాలంలో ఇంటింటా ఇమ్యూనిటీ కషాయం కాగింది గుర్తుందిగా? అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో మనీప్లాంట్‌ను పీకేసి తిప్పతీగ పాకించారు. ఆ రోజుల్లోనే పచ్చకామెర్లతో ఆసుపత్రికి వచ్చినవాళ్లను డాక్టర్లు తరచి అడిగితే, వారాల తరబడి ఈ తీగ రసం తాగుతున్నామని చెప్పారు. దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి అలాంటి 43 మంది వివరాలు పోగుచేసి, గచ్చిబౌలి ఏఐజీ డాక్టరు ఆనంద్ కులకర్ణి, ఆయన సహచరులు 2022లో ‘హెపటాలజీ కమ్యూనికేషన్స్’లో ప్రచురించారు. లోపల కాలేయ జబ్బు ఉండి, ఆ సంగతి తమకే తెలియనివాళ్లలో ఈ రసం దాన్ని బయటికి లాగిందని కూడా చెప్పారు. మొదట ముంబై నుంచి ఇలాంటి కేసులు బయటపడ్డప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. అసలు తిప్పతీగ క్షేమమే, అదే పోలికలున్న వేరే తీగతో పొరబడుతున్నారని వాదించింది. సరే, ఆ వాదనే నెగ్గిందనుకుందాం. మరి పన్నెండో అంతస్తు బాల్కనీలో పాకుతున్నది అసలుదో పోలికదో తేల్చే వృక్షశాస్త్రజ్ఞుడు ఏ గేటెడ్ కమ్యూనిటీ మెయింటెనెన్స్ బిల్లులో ఉన్నాడు?

తెలియని కాలేయ జబ్బు అంటే మన 84 మందీ బంధువులే. వాళ్లకు అమ్మేది లివర్‌ను కడిగే కషాయం. ఈ వ్యాపార ప్రణాళిక రాసినవాడికి స్టాక్ ఆప్షన్స్ ఇవ్వాల్సిందే.

ఇక పసుపు. మాదాపూర్ కాఫీ షాపులో ‘గోల్డెన్ లాటే’ అని మూడొందల చిల్లరకు దొరికేది మనింట్లో జలుబు చేసిన పిల్లాడు ముక్కు మూసుకుని తాగే పసుపు పాలే. దీని కోసం మనం అంతర్జాతీయ యుద్ధం కూడా చేశాం. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయం పేటెంట్ తీసుకుంటే, సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పాత వైద్య పత్రికలు తీసుకెళ్లి ముందుపెట్టి 1997లో దాన్ని రద్దు చేయించింది. అంత పోరాడి గెలుచుకున్న పసుపును ఇప్పుడు డల్లాస్ అబ్బాయి మాత్రల డబ్బాగా సూట్‌కేసులో సర్దుకుని, కొండాపూర్‌లో ఉన్న అమ్మానాన్నలకు తెస్తాడు. నాన్నది నిజామాబాద్. జాతీయ పసుపు బోర్డు 2025 సంక్రాంతికి వెలసింది అక్కడే. అయినా డబ్బా మీద ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ కనబడగానే ఆయన మోకాలికి సగం నొప్పి తగ్గింది.

పసుపులో అసలు సంగతి కర్కుమిన్. బరువులో నూటికి మూడు పాళ్లు, అటూ ఇటూ. మింగితే రక్తంలోకి ఎక్కదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవాళ్లు మిరియంలోని పైపరిన్ జతచేస్తే ఇరవై రెట్లు ఎక్కుతుందని చూపించారు. పరీక్షనాళికలో మాత్రం ఇది మహామేధావి. క్యాన్సరా? తగ్గిస్తాను. మతిమరుపా? తగ్గిస్తాను. వాపా, షుగరా? అదీ ఇదీ రెండూ తగ్గిస్తాను. క్లయింటు ఏమడిగినా నోరు తెరవకముందే ‘యస్, వుయ్ కెన్ డూ ఇట్’ అనే మన డెలివరీ మేనేజర్ ఉన్నాడే, అచ్చం అతనే. చివరికి 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు కొందరు కూర్చుని లెక్క తీశారు. ఈ అణువుకు నిలకడ లేదు, తనే మెరిసి, కనబడిన ప్రోటీన్‌కల్లా అంటుకుని పరీక్షలను మోసం చేయగలదు. మనుషుల మీద 120కి పైగా పరీక్షలు జరిగాయి, గట్టిగా గెలిచింది ఒక్కటీ వాళ్లకు కనబడలేదు. ‘జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ’లో వచ్చింది ఆ వ్యాసం. అది ఏ ఫ్యామిలీ గ్రూపులోనూ ఫార్వర్డ్ కాలేదు.

రక్తంలోకి ఎక్కించడానికి మనం కనిపెట్టిన తెలివికి ఇంకో కొస ఉంది. 2022లో అమెరికా డాక్టర్లు పసుపు మాత్రలతో లివర్ దెబ్బతిన్న పదిమంది సంగతి రాశారు. ఒకరు చనిపోయారు. ఏడుగురిలో ఒకే రకం జన్యులక్షణం. కొన్ని మాత్రల్లో మిరియం సారమూ దొరికింది. చారులో వేసిన చిటికెడు పసుపుకూ, నాలుగు మిరియపు గింజలకూ ఈ గొడవతో సంబంధం లేదు. కాకపోతే చారుకు సబ్‌స్క్రిప్షన్ లేదు.

నేల ఉసిరిది మరీ జాలి కథ. మన పల్లెల్లో కామెర్లకు పసరు నూరి పోసే మొక్క. 1988లో మద్రాసు డాక్టర్లు హెపటైటిస్-బి ఉన్న 37 మందికి ఇస్తే 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందని ‘లాన్సెట్’లో వచ్చింది. ప్రపంచమంతా నేల ఉసిరి కోసం నేల చూసింది. తర్వాత ఇతర దేశాల్లో ఇతరులు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. పరిశోధన అంటే ఇదే, ఎవరినీ తిట్టాల్సిన పనిలేదు. కానీ వాట్సాప్‌లో క్యాలెండర్ 1988 దగ్గరే ఆగిపోయింది. లాన్సెట్ పేరు మిగిలింది, తర్వాతి కథ డిలీట్ అయింది.

మనవాళ్లకు సైన్సు మీద గౌరవం లేదని మాత్రం అనను. 2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం బారులు తీరిన జనాన్ని టీవీలో చూసి, “ఈ మూఢజనం ఎప్పటికి మారేను!” అని నిట్టూర్చినవాళ్లే, మర్నాడు ఆఫీసు గ్రూపులో “బ్రో, కొరియర్‌లో వస్తుందా?” అని అడిగారు.

ఇంకో విచిత్రం మెట్రోలో ఉంది. రాయదుర్గంలో బ్లూ లైన్ ఎక్కితే రైలు మారకుండా తార్నాకలో దిగొచ్చు. అక్కడ 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్ చేరిన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ పక్కనే, 1944 నాటి పునాది మీద నిలబడి, మొక్కల్లోంచి అణువులు విడదీసి పరీక్షించే ఐఐసీటీ ఉంది. పోషకాహార సంస్థ 2024లో భారతీయులు ఏం తినాలో చెబుతూ పుస్తకమే వేసింది. అడిగితే చెప్పేవాళ్లు లైనుకు ఆ చివర, అడగకుండా అమ్మేవాళ్లు ఈ చివర. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన లెడర్లీ బృందం కాలేయంలోంచి ఫోలిక్ యాసిడ్ వేరుచేసి, 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఆయన లివర్‌లోంచి మందు తీశాడు, ఆయన తర్వాతి తరాలవాళ్లం బిర్యానీ యాప్ సాయంతో లివర్ నింపుకుంటున్నాం.

తెల్లవారుజామున కొత్తగూడ బొటానికల్ గార్డెన్ గేటు దగ్గరికి వెళ్లండి. వాకింగ్ మొదలుపెట్టకముందే ఆరోగ్యం పూర్తయిపోయే చోటు అది. స్టీలు డబ్బాల వరుస: గోధుమగడ్డి, ఉసిరి, కాకర, బూడిద గుమ్మడి, సొరకాయ. ఒక అంకుల్ సొరకాయ రసం గుక్క వేసి మొహం చిట్లించాడు.

“చేదుగా ఉందేంటయ్యా?”

“చేదుంటెనే మంచిది సార్. తేనె, పుదీన ఏస్త, తెల్వదు. తాగుండ్రి.”

సరిగ్గా ఇదే చేయవద్దని భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది. 2010లో ఢిల్లీలో ఒక సీఎస్ఐఆర్ శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ రసం తాగి ప్రాణం పోగొట్టుకున్నాక నిపుణుల కమిటీ కూర్చుంది. సొరకాయ చేదుగా ఉందంటే కుకుర్బిటాసిన్ అనే విషం ఎక్కువుందని గుర్తు, ముందు ముక్క కొరికి చూసి చేదైతే పారేయండి, వేరే రసాలతో కలపకండి అంది. చేదు అనేది మొక్క ఇచ్చే ఎర్రర్ మెసేజ్. మనవాడు తేనె పోసి దాన్ని సైలెంట్ చేశాడు.

ఆ గేటు ఎదుటే, రోడ్డు మధ్య డివైడర్ మీద, దుమ్ము కొట్టుకుపోయి గులాబీరంగు పూలతో ఒక మొక్క ఉంది. బిళ్ళగన్నేరు. నీళ్లు పోసినా పోయకపోయినా పూస్తుంది. దీని ఆకు నమిలితే షుగర్ తగ్గుతుందని మన దగ్గరా అంటారు, జమైకాలోనూ అనేవాళ్లు. ఆ మాట పట్టుకునే 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్ ఆకులు తెప్పించి ఎలుకలకు ఇచ్చి చూశాడు. నోటితో ఇస్తే షుగర్ తగ్గలేదు. సూది ద్వారా ఎక్కిస్తే ఎలుకలు చచ్చాయి. అక్కడితో చాలించి ఇంటికి పోలేదు, ఎందుకు చచ్చాయని వెతికాడు. తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లు సోకాయి. తెల్ల కణాలు విపరీతంగా పెరిగే జబ్బొకటి ఉంది కదా! 1958 నాటికి చార్లెస్ బీర్‌తో కలిసి విన్‌బ్లాస్టిన్‌ను విడదీశాడు. తర్వాత ఇదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల లుకేమియా చికిత్సలో ఈనాటికీ వాడే మందు. క్వింటాళ్ల కొద్దీ ఎండుటాకు నుంచి గ్రాముల్లో దిగుతుంది. మోతాదు మామూలుగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. నరాలు మొద్దుబారతాయి, మలబద్ధకం వస్తుంది, నరంలోకి ఎక్కించాల్సింది పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే మనిషి దక్కడు. ఇదీ పక్కా నేచురలే.

పొద్దున్నే వాకింగ్‌లో ఓ పెద్దాయన వంగి, డివైడర్ మీద నుంచి అవే ఆకులు నాలుగు తుంచి జేబులో వేసుకుంటుంటే చూశాను. “షుగర్‌కండీ, పరగడుపున” అన్నారు. ఇందాకటి కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. “అంటే క్యాన్సర్ కూడా రాదన్నమాట” అని ఇంకో నాలుగు తుంచుకున్నారు.

ఈ సంభాషణ జ్యూస్ బండివాడి చెవిన పడకూడదని మాత్రం గొంతు తగ్గించాను. వింటే రేపటి నుంచే ఆరో డబ్బా వస్తుంది, పుదీనా, తేనె కలిపి గ్లాసు అరవై. ఎల్లుండి హెచ్ఆర్ మేడమ్ స్టాల్ బుక్ చేస్తారు.