సుకారాది త్రిపాది: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ గ్రంథం 2009 ఎండాకాలంలో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వెలువడింది. స్థలం సామాన్యమైంది కాదు. రవీంద్రుడి ‘ఫాంకి’ కవితలో భర్త రోగిష్టి భార్యను తీసుకుని వెళ్తూ బండి మారేది ఈ బిలాస్‌పూర్ స్టేషన్లోనే. భార్యకు మాట ఇచ్చి తప్పేదీ ఇక్కడే. మన గ్రంథంలోనూ ఒక మాట తప్పడం ఉంది, వస్తుంది.

1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుట్టింది మొదలు విజయనగరం, శ్రీకాకుళం వైపు జనం పట్టాలు పట్టుకుని ఆ దేశం వెళ్ళారు. మా పెద్దమావయ్య అలా వెళ్ళినవాళ్ళ మనవడు. ఇంజను డ్రైవరుగా రిటైరై, అదే రైల్వేలో పనిచేస్తున్న పెద్దకొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. ఆయన మనవడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తిరుపతి బండి విజయనగరంలో ఆగితే బోర్డు మీద ఊరి పేరు హిందీలో చదివి “తాతా, మనూరొచ్చింది” అనేవాడు. ఆ మాటకి మావయ్యకి సంతోషం సగం, బాధ సగం.

అందుకని అమెరికాలో ఉన్న రెండోకొడుకు ఒక లాప్‌టాప్ తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. తెలుపు, పచ్చ రంగులు. కుందేలు చెవుల్లా రెండు యాంటెన్నాలు. అవి పైకి లేపితే గాని మూత తెరుచుకోదు. రబ్బరు కీబోర్డు. ఏడున్నర అంగుళాల తెర, మండుటెండలోనూ కనిపిస్తుంది. లోపల 433 మెగాహెర్ట్జ్ బుర్ర, 256 మెగాబైట్ల జ్ఞాపకం, 1 గిగాబైట్ సంచి. దీన్ని వంద డాలర్లకే పిల్లలకి అందిస్తానని నికొలస్ నెగ్రొపాంటే 2005లో దావోస్‌లో ప్రకటించాడు. 2007 చివర్లో బయటికొచ్చేసరికి దాదాపు రెండు వందలయింది. (మాట తప్పడం ఇదే.) మన మానవ వనరుల శాఖ 2006లోనే వద్దంది. అయినా మరుసటేడు మహారాష్ట్రలో ఖైరాత్ అనే పల్లెలోని బడిపిల్లల చేతికి వచ్చింది. అప్పట్లో అమెరికాలో 399 డాలర్లు కడితే ఒకటి ఎక్కడో బీదపిల్లకి పోయేది, ఒకటి మన ఇంటికొచ్చేది. చేసిన దానంలో సగం వెంటనే గుమ్మంలోకి తిరిగొచ్చే విధి హేమాద్రి దానఖండంలో కూడా ఉంటుందని నేననుకోను.

ఇక ప్రకృతం. అ ఆలు దిద్దించే వీడియో ఒకటి యూట్యూబులో ఉంది. తెరిస్తే నల్లటి డబ్బా.

“చదువుల పెట్టంటారు, అక్షరం పలకదేటిరా?” అన్నాడు మావయ్య.

“ప్లగిన్ నహీ హై తాతా” అన్నాడు మనవడు.

ఆ రాత్రి అమెరికా నుంచి ఫోనులో వచ్చిన ఉపదేశాన్ని కుర్రాడు రఫ్ నోట్సులో హిందీ అక్షరాలతో రాసుకున్నాడు. నాగరి ప్రతి నుంచి తెలుగు లిపిలోకి ఎత్తి రాసింది ఈ టీకాకారుడు.

మూలం

సు -
ఆర్‌పీఎం -ఐవీహెచ్ ఫ్లాష్*
కంట్రోల్ ఆల్ట్ ఇరేజ్

ప్రతిపదార్థం

సు = మంచిదైన. గ్రంథాదిలో శుభాక్షరం ఉండాలి కాబట్టి కవి సుకారంతో మొదలెట్టాడని కొందరు. అది పొసగదు. ‘సు’ ఉపసర్గ, ధాతువు ముందు చేరాలి గాని ఒంటరిగా నిలవదు. యూనిక్సు శాఖవారు ‘సూపర్ యూజర్’కి కుదింపు అంటారు, ‘సబ్‌స్టిట్యూట్ యూజర్’, అంటే మారు వాడుకరి, అని మరో మతం. ఎలా చెప్పినా ఫలం ఒకటే: కొట్టినవాడు ‘రూట్’ అవుతాడు. రూట్ అంటే వేరు, మూలం. కనుక మూలపురుషుడు.

ఇక్కడ టీకాకారుల కులగురువుని తలచుకోకపోతే పాపం. మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకి వ్యాఖ్యానం రాశాడు. ఈ యంత్రానిదీ అదే ఒట్టు. మూలపురుషుడు కానివాణ్ణి తన లోపల ఒక్క ముక్కా రాయనివ్వదు. అయితే ఎవరైనా ‘సు’ అంటే చాలు, మూలపురుషుణ్ణి చేసేస్తుంది. పాస్‌వర్డ్ అడగదు. దీక్ష లేదు, గురుదక్షిణ లేదు. పిల్లలు యంత్రాన్ని విప్పి చూసుకోవాలని తయారుచేసినవాళ్ళ ఆశయం. కీబోర్డు మీద ‘మూలం చూపించు’ అనే పనికి ప్రత్యేకంగా ఒక మీటే పెట్టారు. మల్లినాథుడికి అలాంటి తాటాకు దొరికుంటే ఎంత పొంగిపోయేవాడో!

ఇంకొక చమత్కారం. మామూలు వాడుకరిగా ఉన్నంతసేపు పంక్తి చివర డాలరు గుర్తు మెరుస్తుంటుంది. ‘సు’ పడగానే డాలరు రాలిపోయి, అడ్డనిలువు గీతల గుర్తు వస్తుంది. ఆ గుర్తు చూసి మావయ్య “పట్టాలు పడ్డాయి” అన్నాడు.

- = అడ్డగీత. పాదపూరణం, అర్థం లేదని ఈ టీకాకారుడు మొదట భ్రమపడ్డాడు. ఆ భ్రమ ఖరీదు ఒక పూట. సంగతి కింద చెప్తాను.

ఆర్‌పీఎం = నిమిషానికి ఇన్ని చుట్లు, అని మావయ్య. డీజిల్ ఇంజను ఎనిమిదో నాచ్‌లో వెయ్యి ఆర్‌పీఎం తిరుగుతుందని దృష్టాంతం కూడా చూపించాడు. సొగసైన అర్థమే గాని ప్రకరణానికి అతకదు. రెడ్‌హ్యాట్ వారి మూటల గుమాస్తా పేరది: ఏ మూట వచ్చింది, ఎక్కడ దింపాలి, ఏది దేనికి అడ్డం అని లెక్క రాసేవాడు. గూడ్స్ ఆఫీసు బాబు అంటే మావయ్యకి చప్పున అందింది.

-ఐవీహెచ్ = మూడు బీజాక్షరాలు. ఐ: ప్రతిష్ఠించు. వీ: చేస్తున్నది నోరారా చెప్పు. హెచ్: పని సాగే కొద్దీ గుర్తులు వేసుకుంటూ పో, ఏభై పడితే పూర్తి. ‘-యూవీహెచ్’ అని పాఠాంతరం. అప్పుడు పాతదుంటే తీసి కొత్తది వేయమని. రెండూ గ్రాహ్యమే.

ఫ్లాష్ = మెరుపు; ఆ పేరుగల ప్లగిన్ అని విశేషార్థం. * = ఇత్యాది. మూట పేరు చివర బారెడు అంకెలుంటాయి. మనవాళ్ళు ‘మొదలగునవి’ అని చేతులు దులుపుకున్నట్టు వీళ్ళు నక్షత్రం పెడతారు.

కంట్రోల్ ఆల్ట్ ఇరేజ్ = మూడు మీటలు ఒక్కసారే నొక్కి, తెర మీద లోకాన్ని ఒకసారి చెరిపి మళ్ళీ పుట్టించడం. ఆ లోకం పేరు షుగర్. “నాకున్నది చాలదేటి?” అన్నాడు మావయ్య.

గ్రంథపాత విచారం

ప్లగిన్ మూటని బజారులో ఒక నెట్ సెంటర్లో పెన్‌డ్రైవ్‌లోకి దింపించి, యంత్రానికి తగిలించి, ఆ ఫోల్డర్లోకే వెళ్ళి మొదటి పాదం కొట్టాం. డాలరు రాలింది. రెండో పాదం కొట్టాం. అటువంటి ఫైలు లేదంది. ఎదురుగా ఉంది, కనిపిస్తోంది, లేదంటుంది! మళ్ళీ కొట్టాం. పెన్‌డ్రైవ్ తీసి ఊది పెట్టాం. కుర్రాడు యంత్రం చెవులు కూడా సవరించాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పద్యానికి నాలుగు పాదాలుండాలి గదా, ఇవి మూడేమిటని అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఒక పాదం జారిపోయింది.

జారడానికి కారణం ఆ అడ్డగీత. ఉట్టి ‘సు’ అంటే మూలపురుషుడి అధికారం మాత్రం వస్తుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. అడ్డగీత చేరిస్తే అధికారంతో బాటు ఆయన ఇల్లూ వాకిలీ వస్తాయి. అంటే మనం పెన్‌డ్రైవ్ వదిలేసి ఆయన ఇంట్లోకి వెళ్ళి కూచుంటాం. అక్కడ ‘ఫ్లాష్’ ఇత్యాదులు ఎందుకుంటాయి? మధ్యలో ‘సీడీ’ అనే పాదంతో తిరిగి పెన్‌డ్రైవ్‌లోకి నడవాలి. కథంతా విని మావయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు: “బండి మూడో నెంబరు మీదుంది. మీరు ఒకటో నెంబరు మీద నించుని రాలేదంటన్నారు.”

ఇంతకంటే మంచి వ్యాఖ్య నా చేత కాదు. నాలుగో పాదం చేర్చాక గుర్తులు స్లీపర్ల మాదిరి ఒకటి పక్కన ఒకటి పడుతూ ఏభైకి చేరాయి.

ఆక్షేప సమాధానాలు

ఆక్షేపం: ఇంత శ్రమ ఎందుకు? అమ్మేటప్పుడే పెట్టి ఇవ్వొచ్చుగా?

సమాధానం: ఫ్లాష్ అడోబీ సంస్థ సొత్తు. ఉచితంగా వాడుకోనిచ్చారు గాని దాని మూలం ఎవరికీ చూపించలేదు, ఇష్టమొచ్చినట్టు పంచిపెట్టే హక్కూ ఇవ్వలేదు. అన్నీ విప్పి చూసుకునేలా ఉండాలన్నవాళ్ళు మూలం దాచిన గ్రంథాన్ని ఎలా చేరుస్తారు? ఎంపీత్రీ పాటకీ అదే గతి. పేటెంట్ల గొడవ 2017 దాకా నడిచింది. ఫ్లాష్‌కి బదులు గ్నాష్ అని ఒకటి ఉండేది. మూలం చూడకుండా ఫలితాన్ని బట్టి అర్థం ఊహించి రాసిన టీక అది. కొన్ని చోట్ల బాగా అతికేది, కొన్ని చోట్ల నల్ల డబ్బా చూపించేది. ఇంగ్లీషులో ఆ మాటకి పళ్ళు నూరడమని అర్థం. మేమూ నూరాం.

మల్లినాథుడి నియమాన్ని అంత నిష్ఠగా పాటించినందుకు వాళ్ళని మెచ్చుకుంటాను. కాని ఆ నిష్ఠకి పస్తున్నది బిలాస్‌పూర్లో అక్షరం కోసం కూచున్న ఎనిమిదేళ్ళవాడు. మూలపురుషుడి అధికారం తీసుకుని అమూలకాన్ని ప్రతిష్ఠించడం, ఇదే ఈ గ్రంథంలో రసం. ఏ రసమో ఆలంకారికులు తేల్చుకోవాలి; హాస్యమంటే నేను ఒప్పుకోను.

తాత్పర్యం

ఓయి బాలకా! పెద్దవాడి వేషం వేసుకో, వేషంతో బాటు ఇల్లు మారిందని గుర్తుంచుకో, మూట దింపు, కళ్ళు మూసి తెరువు, అప్పుడు ‘అ’ కనిపిస్తుంది, అని భావం.

విశేషాలు

కనిపించింది. అంత చిన్న బుర్రకి వీడియో బరువెక్కువై గొంతు ముందు, బొమ్మ వెనక నడిచేవి. ‘ఇ’ వినిపించేసరికి తెర మీద ఇంకా ‘ఆ’ ఉండేది. కుర్రాడు ఆ తేడాకి అలవాటుపడే నేర్చుకున్నాడు.

2015 జనవరికి యూట్యూబే ఫ్లాష్‌ని పక్కన పెట్టింది. 2020 డిసెంబరు 31తో అడోబీ దాన్ని ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆడకుండా తాళం వేసింది. ఆ రోజు చైనాలో దాలియన్ రైల్వే వాళ్ళ కంప్యూటర్లలో బళ్ళ వివరాలు చూసే పేజీలు మూగబోతే, పాత ఫ్లాష్ వెతికి పెట్టుకుని గట్టెక్కారు. ఈ వార్త చెప్తే మావయ్య నవ్వలేదు. “బళ్ళాగేయా?” అని అడిగాడు. ఆగలేదన్నాక కాఫీ అందుకున్నాడు.

ఈ త్రిపాదికి ఇప్పుడు ఫలం లేదు, టీకే మిగిలింది. కుర్రాడు విజయనగరం బోర్డు తెలుగులో చదువుతాడు. ‘ఋ’ దగ్గర కాస్త ఆగుతాడు. యంత్రం అటక మీద ఉంది. మొన్న దించి, తుడిచి, చార్జింగు పెట్టి ‘సు’ అని కొట్టాం. పాస్‌వర్డ్ అడగలేదు.