ముల్తానీ పాడొచ్చా?

యుద్ధం వస్తే ముందు వరసలో నిలబడేది సిపాయి అని అమాయకులు అనుకుంటారు. సిపాయి ఇంకా బూట్లు తొడుక్కుంటూ ఉండగానే, పడక్కుర్చీలో కూర్చున్న విద్వాంసుడు శత్రుదేశపు సంగీతాన్ని చిత్తుగా ఓడించి కాఫీ కూడా తాగేస్తాడు.

1914 నాటి ఫ్రాన్సు సంగతి చూడండి. స్వరకర్త కామిల్ సాన్‌సాన్స్ అప్పటికి ఎనభైకి దగ్గర పడ్డ పెద్దాయన. తుపాకీ మోయలేడు కాబట్టి కలం పట్టాడు. జర్మన్ సంగీతాన్ని, ముఖ్యంగా వాగ్నర్‌ని, ఫ్రాన్సు గడప తొక్కనివ్వకూడదని పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. ఈయన ఆపెరాల్లో అన్నిటికన్నా పేరుపడ్డది ‘శాంసన్ అండ్ డెలీలా’. పారిస్ వాళ్లు మొహం చాటేస్తే 1877లో దాన్ని మొదటిసారి రంగస్థలం ఎక్కించింది ఎవరనుకున్నారు? జర్మనీలోని వైమార్ వాళ్లు. అదీ జర్మన్ భాషలోకి మార్చుకుని మరీ పాడారు. సరే, దేశభక్తి పూనినప్పుడు తిన్న ఉప్పు ఎవరికి గుర్తుంటుంది!

1916లో ఫ్రెంచి సంగీతాన్ని కాపాడటానికి ఒక జాతీయ సంఘమే వెలిసింది. జర్మనీ, ఆస్ట్రియా స్వరకర్తల సమకాలీన రచనలు దేశంలో ఎక్కడా బహిరంగంగా వినిపించకూడదని దాని పట్టు. అయితే కాపీరైట్ గడువు తీరినవాటి జోలికి పోలేదు. అంటే బేతోవెన్‌తో పేచీ లేదు, ఆయన పోయాడు, రాయల్టీ అడగడు. శత్రువు బతికుండి డబ్బు పుచ్చుకుంటేనే దేశానికి ప్రమాదం. ఎంత ఆవేశంలో ఉన్నా పద్దు రాసేవాణ్ణి మాత్రం పక్కన కూర్చోబెట్టుకున్నారన్నమాట.

ఇందులో చేరమని ఫ్రెంచి స్వరకర్త మోరిస్ రావెల్‌కి పిలుపు వెళ్లింది. ఆయన పడక్కుర్చీలో లేడు. పొట్టివాడు, బరువు చాలదని సైన్యం మొదట వద్దంటే, పట్టుబట్టి చేరి, నలభై దాటాక వెర్డన్ దగ్గర మిలిటరీ లారీ తోలుతున్నాడు. 1916 జూన్‌లో అక్కణ్నుంచే జవాబు రాశాడు. తిట్లు లేవు, శాపాలు లేవు. మీరన్నదానితో నేను ఏకీభవించను, షోన్‌బర్గ్ ఆస్ట్రియావాడైతే నాకేం, బార్టోక్ హంగేరీవాడైతే నాకేం, పరాయివాళ్లు ఏం రాస్తున్నారో వినకుండా తలుపులు బిగించుకుంటే ఎండిపోయేది మన సంగీతమే అని దాని సారాంశం. సంఘం వారికి ఒళ్లు మండింది. అవసరమైతే మీ సంగీతాన్ని కూడా వదులుకోగలమన్న ధోరణిలో బదులిచ్చారు.

అసలు తమాషా అవతలి వైపు ఉంది. రావెల్ వెనకేసుకొచ్చిన ఆ షోన్‌బర్గే, 1914 ఆగస్టులో ఆల్మా మాలర్‌కి రాసిన ఉత్తరంలో బిజే, స్ట్రావిన్‌స్కీ, సాక్షాత్తూ ఈ రావెల్‌ల మీద కత్తి దూశాడు. వాళ్లకి జర్మన్ దేవుడికి దణ్ణం పెట్టడం నేర్పిస్తానన్నాడు. ఆ ఉత్తరం రావెల్ చదివి ఉంటే ఏం చేసేవాడో గానీ, చదవకపోవడం సంగీతానికి మేలే చేసింది.

యుద్ధం ముగిశాక రావెల్ ఇంకో పని చేశాడు. ఆస్ట్రియా సైన్యంలో పోరాడి కుడిచెయ్యి పోగొట్టుకున్న పియానో వాద్యకారుడు పాల్ విట్గెన్‌స్టైన్ అడిగితే, ఒక్క ఎడమచేత్తో వాయించే కన్చెర్టో రాసిచ్చాడు. 1932లో వియన్నాలో దాని తొలి ప్రదర్శన. ఆ తర్వాత ఇద్దరికీ గట్టిగానే చెడింది. యుద్ధంలో తప్పెవరిదన్న విషయం మీద కాదు, నేను రాసింది నువ్వెలా మార్చి వాయిస్తావని! సంగీతకారులు కొట్టుకుంటే ఇలాంటివాటికి కొట్టుకోవాలి. వినేవాళ్లకీ కాస్త గౌరవంగా ఉంటుంది.

రావెల్ శాంతివాదేం కాదు. నికార్సయిన శాంతివాది కావాలంటే ఇంగ్లండు వెళ్లాలి. స్వరకర్త మైకేల్ టిపెట్ రెండో ప్రపంచయుద్ధంలో తుపాకీ పట్టనన్నాడు. దానికి బదులు ప్రభుత్వం చెప్పిన పనీ చెయ్యనన్నాడు. 1943లో మూడు నెలల జైలు వేశారు. విచారణలో ఆయన తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి రాల్ఫ్ వాన్ విలియమ్స్, మొదటి యుద్ధంలో సైన్యంలో పనిచేసినవాడు. ఈ కుర్రాడి సిద్ధాంతం శుద్ధ తప్పు, కానీ దాన్ని ఇంత గట్టిగా పట్టుకున్నందుకు నాకు గౌరవం అన్నాడు. మన టీవీ చర్చల్లో ఈ వాక్యం చెప్పబోతే సగంలోనే మైకు కట్టేస్తారు. టిపెట్ లోపలుండగా స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్, గాయకుడు పీటర్ పియర్స్ ఆ జైలుకే వెళ్లి కచేరీ చేశారు. పియానో దగ్గర కాగితాలు తిప్పింది ఖైదీ టిపెట్టే.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2025 ఏప్రిల్‌లో కాశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనపెట్టుకున్నారు. చంపినవాళ్ల మీద కోపం రాకపోతే మనిషే కాడు. కానీ మే నెలలో ఆ కోపం ఎక్కడ తేలిందంటే, 2016 నాటి ఒక హిందీ సినిమా పాటల ముఖచిత్రం మీద. పాకిస్తానీ నటి అని కథానాయికను చెరిపేశారు. హీరో ఒక్కడూ మిగిలాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. పాట మాత్రం పోలేదు, వసూళ్లూ ఆగలేదు. పద్దు రాసేవాడు ఇక్కడా ఉన్నాడు.

ఈ లెక్కన మన సభల గ్రీన్‌రూముల్లో రేపు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

“చివర్లో సింధుభైరవి పాడదామనుకుంటున్నానండీ” అంటాడు గాయకుడు.

“సింధు ఇప్పుడు ఎవరి దేశంలో ఉందో తమకు తెలుసా మాస్టారూ?” అని మృదంగం వారు.

“జాతీయగీతంలో కూడా ఉంది కదండీ” అని ఘటం కుర్రాడు.

“నువ్వసలు ఏ పక్షంరా?”

యుద్ధం వద్దన్నవాడు ద్రోహి, సైన్యాన్ని మెచ్చుకున్నవాడు రక్తపిపాసి. ఇంతలో తెర లేస్తుంది. ఇందాక గొంతులు చించుకున్న ముగ్గురూ ఒకే ఆదితాళంలో బుద్ధిగా నడుస్తారు. ఆ రెండు గంటలే దేశం ప్రశాంతంగా ఉంటుంది.

సింధుభైరవితో ఆగదు కదా. ముల్తానీ రాగం పేరులోనే ముల్తాన్ ఉంది, దాన్ని ఎటు పంపాలి? త్యాగయ్య కీర్తనలున్న హుసేనికి పేరు మార్చాలా? బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాడి దగ్గర వయొలిన్ నేర్చుకున్నాడు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు ఆ తెల్లవాళ్ల వరసలకే సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. నొట్టుస్వరాలనే ఆ రచనల్లో ఒకదాని వరస అచ్చంగా బ్రిటిష్ జాతీయగీతానిదే. ఇక హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ పుట్టింది ఇప్పటి పాకిస్తాన్‌లోని కసూర్‌లో. విభజన తర్వాత కొన్నాళ్లు అక్కడే ఉండి, ఇష్టపడి ఇటొచ్చి, 1957లో భారత పౌరుడయ్యాడు. 1968లో కన్నుమూసింది మన హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. ఇప్పుడైతే వీసా దగ్గరే ఆగిపోయేవాడు.

కాబట్టి సభా కార్యదర్శులకు ఒక విన్నపం. తదుపరి నిషేధాల జాబితాలో వయొలిన్‌ని మరిచిపోకండి. ఒక పక్కవాద్యం పారితోషికం కలిసొస్తుంది.