కాయలకైతే ఏడాది ఆగుతాను

మాది అంబాజీపేట. మా నాన్న చేసిన కొబ్బరి వ్యాపారమే నేనూ చేస్తున్నాను. కాయను చెవి దగ్గర పెట్టి ఒక్కసారి ఊపానంటే, అది ఇప్పుడే కొట్టేయాల్సిందో కురిడీకి అటకెక్కించాల్సిందో చెప్పేస్తాను. ఇందులో గొప్పేం లేదండి, ఈ ఊళ్లో పాతికేళ్లు కొట్లో కూర్చుంటే ఎవరికైనా వచ్చేస్తుంది. నా కొడుకు దగ్గరికొచ్చేసరికే ఆ చెవి పనిచేయలేదు.

2022 మే 15. బ్యాంకాక్‌లో బ్యాడ్మింటన్ థామస్ కప్ ఫైనల్. అవతల పద్నాలుగుసార్లు కప్పు కొట్టిన ఇండోనేషియా. డబుల్స్‌లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి తొలి గేమ్ 18-21తో పోగొట్టుకున్నారు. రెండోదాంట్లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21, 21-19తో లాగేశారు. చివరికి 3-0తో కప్పు మనది. నేను టీవీ ముందు ఎగిరిన ఎగురుడికి మా ఆవిడ చేతిలో కాఫీ ఒలికిపోయింది. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. సోఫా కింద దూరి పిల్లికూనని బయటికి లాగే పనిలో ఉన్నాడు. మ్యాచ్ చూడనే లేదు. నేను మాత్రం వాణ్ని చూసి ఖాయం చేసేసుకున్నాను.

సాత్విక్‌ది అమలాపురం, మాదా పక్కనే. తాగేది అవే గోదారి నీళ్లు. ఇదీ నా లెక్క. ఆ అబ్బాయి తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడనీ, ఆ ఇంట్లో ఆట ముందునుంచీ ఉందనీ, పిల్లాణ్ని హైదరాబాదులో గోపీచంద్ అకాడమీకి పంపింది 2014లో, అంటే పదమూడేళ్లు దాటాకేననీ నాకు తెలుసు. నాకు నప్పనివి పక్కన పెట్టేశాను.

తెల్లారగట్ల నాలుగున్నరకి లేపడం, నిద్రమత్తులోనే రాగిజావ పట్టించడం, బండి మీద ముందు కూర్చోబెట్టుకుని ఇండోర్ కోర్టుకి తీసుకెళ్లడం. రాకెట్ ఎంతకి కొన్నానో మా ఆవిడకి ఇప్పటికీ తెలీదు. ఆర్నెల్లకే పోటీకి పేరిస్తానన్నాను. కోచ్ గారు నెమ్మదిగా, "ఇంకో రెండేళ్లు ఆగుదామండీ. ఆటంటే సరదాపడుతున్నాడు గానీ పోటీ అంటే ఏంటో వాడికింకా తెలీదు" అన్నారు. ఇంకో రెండేళ్ల ఫీజు కోసం అంటున్నాడులే అనుకున్నాను. నాది బేరగాడి బుర్ర.

ఆ వారమే ఒకరోజు కాలవగట్టున వాడు ఒక్కడే కూర్చున్నాడు. షటిల్‌కి పదహారు ఈకలుంటాయి. కొత్త డబ్బాలోది తీసి ఈకలన్నీ ఒక్కొక్కటే పీకేశాడు. ఒక్కటి మాత్రం కార్క్ బొడిపెకి తెరచాపలా గుచ్చి నీళ్లలో వదిలాడు. "నాన్నా, ఇది మునగట్లేదు చూడు!" కోర్టులో వాడి మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. షటిల్ ఖరీదు చెప్పి చెవి మెలేశాను.

ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. బడిలో వేసినప్పుడు తొందరపడి వాడికి ఓ ఏడాది ఎక్కువ వేయించాను. లోకమంతా ఆటల కోసం వయసు తగ్గించుకుంటుంటే, ఆ దొంగలెక్కలు పట్టుకోడానికి క్రికెట్ బోర్డువాళ్లు పిల్లల మణికట్టు ఎక్స్‌రే తీస్తుంటే, నేను ఎదురు ఈదాను. అలా పదకొండేళ్లలోపు పోటీలో కాగితం మీద తొమ్మిదిన్నర, ఒంట్లో ఎనిమిదిన్నర ఉన్న నా కొడుకు దిగాడు.

21-3, 21-2. ఆ అయిదూ అవతలి కుర్రాడు గీత బయటికి కొట్టినవే. "కాళ్లు కదపరా, కాళ్లు!" అని అరిచీ అరిచీ నా గొంతు పోయింది. అంపైరు రెండుసార్లు నావైపు చూశాడు. మావాడైతే సర్వీసు అందుకునే ముందు ప్రతిసారీ చూశాడు. నన్ను చూసేవాడికి షటిల్ ఎక్కడ కనిపిస్తుంది?

బయటికొచ్చాక చూస్తే, గెలిచిన కుర్రాడూ వీడూ మెట్ల మీద కూర్చుని ఒకే పొట్లంలో జీళ్లు తింటున్నారు. ఆ రాత్రి వాడు గుర్రుపెట్టి నిద్రపోయాడు. నేను రెండింటిదాకా దొర్లి, ఆగలేక లేపి అడిగాను: "ఆ డ్రాప్ ఎందుకు వదిలేశావురా?" "ఏ డ్రాపూ?" అని అటు తిరిగి పడుకున్నాడు.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది ఫోన్ చేశాడు. వాడి కొడుకు బేస్‌బాల్ ఆడతాడు. అక్కడి లిటిల్ లీగ్‌లో పదేళ్లవాడు రోజుకి 75 బంతులకి మించి విసరకూడదు, 66 అయ్యాయంటే నాలుగు రోజులు మళ్లీ విసరకూడదు. మరీ బుడ్డోళ్లకైతే విసిరేవాడే ఉండడు, కర్ర మీద బంతి పెట్టి కొట్టిస్తారు. "ఆట నేర్పుతున్నారా, ఉగ్గు పెడుతున్నారా?" అని వెటకారం చేశాను. అప్పటికి పది రోజులుగా మావాడు మోచెయ్యి నొప్పంటున్నాడు. ఎగ్గొట్టే ఎత్తులని బామ్ రాస్తున్నాను.

చెయ్యి చాచలేకపోయాక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎదిగే ఎముకల చివర్లు ఇంకా మెత్తగానే ఉంటాయని, మూడు నెలలు రాకెట్ ముట్టుకోవద్దని చెప్పారు. నాకు వేరే ఏమీ అనలేదు. అనాల్సింది ఇంటికొచ్చాక మా ఆవిడ అంది: "కాయలకైతే ఏడాది ఆగుతారు."

నిజమే. కురిడీ కావాలంటే కాయ అటక మీద నెలల తరబడి పడుండాలి. లోపలి నీళ్లు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి, ఊపితే గలగలమనాలి. ముందే కొడితే బూజే. సరుకులో నేనెన్నడూ తొందరపడలేదు, డబ్బులు పోతాయి కదా.

మూడు నెలలు మూడేళ్లయ్యాయి. వీధిలో పిల్లలతో ఆడాడు, మానేశాడు, మళ్లీ పట్టుకున్నాడు. మొన్న తనే వచ్చి, "పేరిచ్చాను నాన్నా. నువ్వు లోపలికి రాకూడదు" అన్నాడు. పదమూడేళ్లలోపు పోటీకి కాగితం ప్రకారం ఇదే ఆఖరేడు. బడి కోసం నేను మింగేసిన ఏడాదుంటే ఇప్పుడు అక్కరకొచ్చేది.

రోడ్డుకి ఇవతల బోండాల బండి దగ్గర నిలబడ్డాను. లోపల ఫట్ ఫట్‌మని చప్పుడు, మధ్యలో చప్పట్లు. ఎవరికో తెలీదు. ఉండబట్టలేక నాలుగు బోండాలు ఊపి చూశాను. బండివాడు నన్ను ఎగాదిగా చూశాడు. ముప్పావుగంటకి మావాడు చెమటతో తడిసిపోయి వచ్చాడు. అడగకూడదని తెల్లారగట్లే ఒట్టేసుకున్నాను.

"ఎంతకెంత?"

"ముందు బోండాం కొట్టించు నాన్నా" అన్నాడు.